థామస్ మిడ్జిలీ: ఇంజను చప్పుడును మాన్పినవాని కథ

గొప్పవారి జీవితములను చదువుట విద్యార్థులకు మేలు చేయునని పెద్దలు చెప్పుదురు. అది నిజము. అయితే గొప్పవారందరును ఒక్క తీరువారు కారు. కొందరి బ్రతుకులలో మేలు మాత్రమే కనబడును. మరికొందరి బ్రతుకులలో మేలును కీడును పడుగు పేకలవలె కలసియుండును. ఈ రెండవ తెగవారి చరిత్రలను చదువుటవలన కలుగు బుద్ధి తక్కువది కాదని మేమెంచుచున్నాము. అట్టివారిలో నొకడు అమెరికా దేశీయుడగు థామస్ మిడ్జిలీ. మోటారు ఇంజనులో పుట్టు ఒక చిన్న చప్పుడును మాన్పుటకై ఇతడు పడిన శ్రమను, దానివలన లోకమునకు కలిగిన లాభనష్టములను ఈ వ్యాసమున తెలుపబూనితిమి.

ఇతని కథను వ్రాయవలెనను తలంపు మాకు ఒక ప్రయాణమున కలిగినది. ఒక వేసవిలో హైదరాబాదునుండి బషీరాబాదునకు కొన్ని బల్లలను బీరువాలను ఒక చిన్న సరకుల బండిలో వేయించుకొని, డ్రైవరు ప్రక్కన కూర్చుండి వచ్చుచుంటిమి. అది పెట్రోలుతో నడచు బండి. వికారాబాదు దాటి అనంతగిరి గుట్టల నెక్కుచుండగా ఇంజనులోనుండి, గోలీలు వేసిన రేకు డబ్బాను ఊపినట్లు, గలగలమను చప్పుడు వినవచ్చెను. డ్రైవరు కాలు కొంచెము సడలింపగానే అది మానెను. మరల నొక్కగానే మొదలాయెను. పెట్రోలు మంచిది కాదని అతడు నిశ్చయించుకొని, త్రోవలో మరియొక బంకున ఎక్కువ వెలగల పెట్రోలు పోయించెను. చప్పుడు తగ్గెను గాని బొత్తిగా పోలేదు.

ఊరు చేరిన పిమ్మట వృద్ధుడగు ఒక మేస్త్రీ ఆ బండిని చూచెను. అతడు పెట్రోలు మాట ఎత్తలేదు. చప్పుడు ఎప్పుడు వచ్చినది, ఎప్పుడు పోయినది అని మాత్రము రెండుమూడు మారులు అడిగెను. ఇంజను చల్లారువరకు ఓపికతో కూర్చుండి, అటు తరువాత రేడియేటరు మూత తీసి చూడగా నీరు సగమునకు పైగా తగ్గియుండెను. క్రిందనున్న రబ్బరు గొట్టము పగిలి బొట్టుబొట్టుగా కారుచుండెను. గొట్టము మార్చి, నీరు నింపిన మీదట, సామాన్యమైన పెట్రోలుతోనే ఆ బండి చప్పుడు లేక నడచినది. ఎక్కువ వెల పెట్టి కొన్న పెట్రోలు రోగి మూలుగును తగ్గించెను. రోగము మాత్రము లోపలనే యుండెను. ఈ సంగతిని మనస్సున నుంచుకొని మిడ్జిలీ కథను చదువుడు.

మొదట ఆ చప్పుడేమో తెలిసికొనవలెను. డ్రైవర్లు దానిని నాకింగు అందురు. పెట్రోలు ఇంజనులో గాలియు పెట్రోలు ఆవిరియు కలసి సిలిండరు లోనికి పోవును. పిస్టను పైకి వచ్చి ఆ మిశ్రమమును అదుమును. అప్పుడు స్పార్కు ప్లగ్గునుండి నిప్పురవ్వ పుట్టి, మంట ఒక మూలనుండి రెండవ మూలకు గడ్డికుప్ప అంటుకొనినట్లు క్రమముగా ప్రాకును. ఇది మంచి దహనము. కాని మంట ఇంకను చేరని మూలయందలి మిశ్రమము, ముందు కాలిన భాగపు ఒత్తిడికిని వేడికిని తాళలేక, తనంతట తానే ఒక్కుమ్మడిగా భగ్గుమనవచ్చును. ఆ తాకిడి సిలిండరు గోడలకు సుత్తిపోటువలె తగులును. మనకు వినబడు గలగల అదియే. కొంచెముగా నున్నయెడల పెద్ద హాని లేదు. చాలకాలము విడువక సాగినచో పిస్టను కరగి రంధ్రములు పడుటయు, గ్యాస్కెట్లు చెడుటయు కలదు.

ఇంకొక సంగతి కూడ గ్రహింపవలెను. మిశ్రమమును ఎంత గట్టిగా అదిమిన, అదే పెట్రోలునుండి అంత ఎక్కువ బలము లభించును. కాని ఎంత గట్టిగా అదిమిన, ఈ చప్పుడును అంత సులభముగా పుట్టును. 1910 ప్రాంతపు కార్లలో మిశ్రమమును సుమారు నాలుగవ వంతునకు మాత్రమే అదుముచుండిరి. అంతకు మించినచో ఆనాటి పెట్రోలు తాళజాలదు. ఇంజనులు బలపడుటకు, పెట్రోలు పొదుపగుటకు ఈ చిన్న చప్పుడే అడ్డుగోడయై నిలిచినది.

థామస్ మిడ్జిలీ 1889 వ సంవత్సరము మే 18 వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రమందలి బీవర్ ఫాల్స్ అను ఊర జన్మించెను. తండ్రి పేరును థామసే. ఆయన మోటారు టైర్లలో క్రొత్త పద్ధతులను కనిపెట్టినవాడు. తల్లి తండ్రియు రంపపు పండ్లను ఊడదీసి మార్చుకొను ఉపాయమును కల్పించి పేరొందినవాడు. కావున పనిముట్ల చప్పుడు నడుమనే ఈ బాలుడు పెరిగెనని చెప్పవచ్చును. ఇతడు ఒహాయో రాష్ట్రమందలి కొలంబస్ నగరమున బాల్యము గడపి, కార్నెల్ విశ్వవిద్యాలయమున యంత్రశాస్త్రము చదివి 1911 లో పట్టము పొందెను. ఆ యేటనే వివాహమును జరిగెను. ఇతడు చదివినది రసాయన శాస్త్రము కాదను సంగతి గమనింపదగినది. రాబోవు కాలమున రసాయన శాస్త్రజ్ఞుల సంఘమునకే అధ్యక్షుడగువాడు ఆ శాస్త్రమును పనిలోనే పట్టుదలతో నేర్చుకొనెను.

1916 లో ఇతడు డేటన్ నగరమున చార్లెస్ కెట్టరింగు అను ప్రసిద్ధ యంత్రశిల్పి ప్రయోగశాలలో కుదిరెను. చేతితో హాండిలు త్రిప్పనక్కరలేకుండ కారు ఇంజనును విద్యుత్తుతో నడపించు స్టార్టరును కల్పించినవాడు ఈ కెట్టరింగే. 1912 నుండి అది కార్లలో అమర్పబడెను. ఆయన బ్యాటరీతో నిప్పురవ్వ పుట్టించు పద్ధతినికూడ తెచ్చెను. కొందరు ఇంజను చప్పుడునకు ఆ పద్ధతియే కారణమని నింద మోపుచుండిరి. పల్లెయిండ్లలో దీపములు వెలిగించుటకై ఆయన అమ్ముచుండిన కిరసనాయిలు ఇంజనులు మరింత గట్టిగా చప్పుడు చేయుచుండెను. నింద నిజమా అబద్ధమా తేల్చుమని కెట్టరింగు ఈ యువకునకు పని నప్పగించెను.

మిడ్జిలీ మొదట చేసిన పని మన మేస్త్రీ చేసిన పనివంటిదే. చప్పుడు ఎప్పుడు పుట్టుచున్నదో అతడు చూడదలచెను. సిలిండరులోని ఒత్తిడి మారిన కొలది ఒక చిన్న అద్దము కదలునట్లును, దానిపై పడిన వెలుగు తిరుగుచున్న ఫిలిముపై గీత గీయునట్లును ఒక సాధనమును సిద్ధపరచెను. ఆ గీతను చూడగా సంగతి తేటపడెను. నిప్పురవ్వకు ముందు ఏ అలజడియు లేదు. రవ్వ పుట్టి, మంట కొంతదూరము సాగిన తరువాతనే ఒత్తిడి నిట్టనిలువుగా ఎగయుచున్నది. కనుక దోషము బ్యాటరీది కాదు. నూనె కాలు తీరులోనే యున్నది. అదే కాలమున ఇంగ్లండునందు హారీ రికార్డో అను మరియొక యంత్రశాస్త్రజ్ఞుడును వేరొక త్రోవన ఈ నిశ్చయమునకే వచ్చెను. ఊహించుట విడిచి చూచుటయే మిడ్జిలీ సాధించిన మొదటి విజయము.

రెండవ మెట్టు వింతయైనది. మంచులోనే పూచు ఒక అడవిమొక్క ఆకులు వెనుకవైపున ఎర్రగా నుండునట. ఆ ఎరుపే వేడిని పట్టి మొక్కను కాపాడుచున్నదేమో అని కెట్టరింగు తలచెను. కిరసనాయిలునకు ఎర్రరంగు వేసినచో అది వేడిని త్వరగా గ్రహించి సరిగా కాలునేమో అని గురుశిష్యులు అనుకొనిరి. 1916 డిసెంబరులో ఒకనాడు మిడ్జిలీ ఎర్రరంగు కొరకు వెదకగా దొరకలేదు. చేతికి చిక్కినది అయొడిన్. దానిని కలిపి ఇంజను నడపగా చప్పుడు మానెను. ఎంత సంతోషము! కాని అతడు అంతటితో తృప్తిపడలేదు. వెంటనే వేరు వేరు ఎర్రరంగులను తెప్పించి కలిపి చూచెను. ఒక్కటియు పనిచేయలేదు. అటుపిమ్మట రంగులేని అయొడిన్ పదార్థమును కలుపగా చప్పుడు మరల మానెను. ఊహ తప్పు, ఫలితము నిజము. గుణము రంగునందు గాక అయొడిన్‌నందే యున్నదని ఇట్లు తేలెను. తన ఊహ నెగ్గినట్లు కనబడిన క్షణముననే దానిని శంకించి మరల పరీక్షించుటకు గొప్ప నిజాయితీ కావలెను. విద్యార్థులు ఈ ఘట్టమును మరువరాదు.

అయొడిన్ వెల ఎక్కువ, లోహమును తినివేయును. కావున అది వాడుకకు రాదు. పిమ్మట అయిదేండ్లు మిడ్జిలీయు అతని తోడివారును కనబడిన పదార్థమునెల్ల కలిపి చూచిరి. అనిలీను పనిచేసెను గాని దాని వాసన భరింపరానిది. టెల్లూరియము ఇంకను బాగుగా పనిచేసెను గాని దాని కంపు వెల్లుల్లివలె ఒంటికిని బట్టలకును పట్టి, ఎన్ని స్నానములు చేసినను విడువకుండెను. వారి ఇండ్లవారు ఎట్లు సహించిరో తెలియదు! తుదకు గ్రుడ్డిగా వెదకుట మాని, మూలపదార్థముల పట్టికను ముందు పెట్టుకొని, ఏ వరుసలో దిగువకు పోయిన గుణము పెరుగుచున్నదో లెక్కవేసిరి. ఆ లెక్క వారిని సీసము వద్దకు చేర్చెను. జర్మను రసాయన శాస్త్రజ్ఞులు 1850 ల కాలముననే తయారుచేసి విడిచిన టెట్రాయెథిల్ లెడ్ అను సీసపు ద్రవమును 1921 డిసెంబరు 9 వ తేదీన ఇంజనులో పరీక్షించిరి. గాలను పెట్రోలునకు సుమారు 3 ఘన సెంటీమీటర్లు, అనగా ఒక చెంచాకు లోపుగా, కలుపుట చాలును. చప్పుడు పూర్తిగా మాయమయ్యెను.

1923 ఫిబ్రవరి 2 వ తేదీన డేటన్ నగరమున ఆ పెట్రోలు మొట్టమొదట అమ్మకమునకు వచ్చెను. దానికి ఎథిల్ అని పేరు పెట్టిరి. ఆ పేరులో సీసము మాట లేదు. అదే సంవత్సరమున ఇండియానపోలిస్ పందెములో మొదటి మూడు స్థానములను ఈ పెట్రోలు పోసిన కార్లే గెలుచుకొనెను. ఇంజనులను మరింత గట్టిగా అదుముటకు త్రోవ తెరచుకొనెను. కార్లు, లారీలు, విమానములు అన్నియు దీనివలన బలము పొందినవి.

ఇక్కడ ఒక చిక్కు వచ్చెను. సీసపు భస్మము ప్లగ్గులమీదను కవాటములమీదను పేరుకొని ఇంజనును చెరచుచుండెను. దీనికి మిడ్జిలీ బృందము బ్రోమిన్ గల ఒక పదార్థమును కలుపుట ఉపాయముగా కనుగొనెను. అప్పుడు సీసము ఆవిరిగా మారి పొగగొట్టముగుండ బయటికి పోవును. ఇంజను శుభ్రపడెను. ఆ బ్రోమిన్ చాలనందున సముద్రజలమునుండి కూడ దానిని తీయ నేర్చిరి. ఎంతటి తెలివి! కాని బయటికి పోయిన సీసము ఎచ్చటికి పోవుచున్నది? అయొడిన్ విషయమున అన్ని ప్రశ్నలు వేసికొన్న ఆ మనుష్యుడు ఈ యొక్క ప్రశ్నను గట్టిగా వేసికొనలేదు.

సీసము విషమని వేలయేండ్లనుండి లోకమునకు తెలియును. మిడ్జిలీకిని తెలియును. 1923 మొదట అతడే ఆ ఆవిరులవలన జబ్బుపడి, పని విడిచి వెచ్చని ప్రదేశమున విశ్రాంతి తీసికొనవలసివచ్చెను. 1924 అక్టోబరులో న్యూజెర్సీ రాష్ట్రమందలి బేవే అను చోట ఈ ద్రవమును తయారుచేయు శాలలో పనివారు మతిచెడి కేకలు వేయసాగిరి. వారిలో అయిదుగురు మరణించిరి. పలువురు ఆసుపత్రుల పాలైరి. ఇతర శాలలలోను మరణములు సంభవించెను. ఆ నెల 30 వ తేదీన మిడ్జిలీ పత్రికలవారిని సమావేశపరచి, అందరు చూచుచుండగా ఆ ద్రవముతో చేతులు కడుగుకొని, సీసా మూతివద్ద ముక్కుపెట్టి ఒక నిమిషము వాసన చూపి, దీనివలన భయము లేదని నమ్మించెను. తాను దానివలన పడిన జబ్బునుండి లేచి ఇంకను రెండేండ్లు కాలేదు.

1925 మేలో వాషింగ్టను నగరమున ప్రభుత్వ వైద్యాధికారి ఒక సభ చేసిరి. పరిశ్రమలలోని విషములను గూర్చి దేశమున అందరికంటె ఎక్కువ తెలిసిన ఆలిస్ హామిల్టన్ అను వైద్యురాలు ఈ పెట్రోలును గట్టిగా ఎదిరించెను. వీథులలోని దుమ్మునందు సీసము పేరుకొనునని ఎదిరించినవారు హెచ్చరించిరి. అమ్మకము కొన్నాళ్ళు నిలిచెను. ఒక సంఘము కొద్ది నెలలు పరీక్షించి, నిషేధించుటకు తగిన కారణము కనబడలేదనియు, పరిశోధన ముందునకు సాగవలెననియు చెప్పెను. 1926 లో అమ్మకము మరల మొదలాయెను. చెప్పిన పరిశోధనమాత్రము బహుకాలము వ్యాపారస్థుల ధనముతోనే నడచెను.

వేరు త్రోవ లేకుండెనా? ఉండెను. ఆల్కహాలు కలిపిన పెట్రోలు చప్పుడు చేయదని మిడ్జిలీకి బాగుగా తెలియును. దానిని అతడే పరీక్షించి మెచ్చుకొనియుండెను. అయితే ఆల్కహాలు ఎవరైన కాచుకొనగల వస్తువు. అది ఎక్కువ పాలు కలుపవలెను. సీసము చెంచాడు చాలును. దానిపై హక్కును పొందవచ్చును. ఈ లెక్క ముందు ఆ లెక్క ఓడిపోయెను.

ఆ దినములలోనే మనకు నేటికిని ఉపయోగపడు ఒక మంచి కొలత ఏర్పడినది. ఏ పెట్రోలు ఎంతవరకు తాళునో చెప్పుటకు 1926 లో గ్రాహం ఎడ్గారు అను రసాయన శాస్త్రజ్ఞుడు రెండు ద్రవములను గురుతుగా నిలిపెను. చప్పుడునకు బాగుగా తాళు ఐసో ఆక్టేనునకు 100 అనియు, సులభముగా చప్పుడు చేయు హెప్టేనునకు 0 అనియు లెక్క. ఒక పెట్రోలు పరీక్ష ఇంజనులో, 91 పాళ్ళు ఐసో ఆక్టేనును 9 పాళ్ళు హెప్టేనును కలిపిన మిశ్రమము వలె ప్రవర్తించినచో దాని ఆక్టేన్ సంఖ్య 91 అందురు. మన దేశమున సామాన్యపు పెట్రోలునకు 91 బహుకాలము వాడుకలో నున్నది. 95 యు 100 యు గల పెట్రోలులును కొన్ని బంకులలో దొరకును. ఈ సంఖ్య చప్పుడునకు తాళు శక్తిని తెలుపునే గాని, పెట్రోలులోని బలమును తెలుపదు. 91 చాలిన ఇంజనులో 100 పోసినందువలన బండి పరుగు పెరుగదు. సంచిలోని సొమ్ము మాత్రము తరుగును.

మిడ్జిలీ 1928 లో వేరొక పని చేపట్టెను. ఆనాటి శీతలయంత్రములలో విషవాయువులును, మండు వాయువులును వాడుచుండిరి. అవి కారి మనుష్యులు చనిపోవుచుండిరి. అతడు కొద్దికాలముననే విషము గాని మంట గాని లేని ఫ్రియాన్ అను వాయువును కల్పించెను. 1930 లో ఒక సభలో ఆ వాయువును పీల్చి, మెల్లగా ఊది క్రొవ్వొత్తి నార్పి చూపెను. ఇది నిజముగా ఎందరి ప్రాణములనో కాపాడినది. కాని ఇట్టి వాయువులు ఆకాశమున పైకి పోయి, సూర్యుని తీక్ష్ణకిరణములనుండి మనలను కాపాడు ఓజోను పొరను చెరచునని 1974 లో శాస్త్రజ్ఞులు గ్రహించిరి. 1987 లో మాంట్రియల్ నగరమున పలు దేశములు కూడి వీనిని తగ్గించుటకు ఒడంబడిక చేసికొనవలసివచ్చెను. ఈ రెండవ కీడును మిడ్జిలీ ఎరుగడు. ఆ కాలమున ఎవరును ఎరుగరు. దీనికి అతనిని నిందింపరాదు. సీసము మాట వేరు. ఎరిగి చేసినదానికిని ఎరుగక చేసినదానికిని భేదమున్నదని విద్యార్థులు గ్రహింతురుగాక.

బిరుదులు అతనిని వెదకికొని వచ్చినవి. 1941 లో ప్రీస్ట్లీ పతకమును, 1944 లో అమెరికా రసాయన సంఘపు అధ్యక్ష పదవియు లభించెను. కాని 1940 లో అతనికి పోలియో సోకి కాళ్ళు పడిపోయెను. మంచముమీదనుండి తన్నుతాను లేపుకొనుటకు త్రాళ్ళతోను కప్పీలతోను ఒక సాధనమును అమర్చుకొనెను. 1944 నవంబరు 2 వ తేదీన ఆ త్రాళ్ళ నడుమనే ప్రాణము విడిచెను. అప్పటికి అతని వయస్సు 55 సంవత్సరములు. ఇంతటి బుద్ధిశాలి అంత్యము విన్నపుడు ఎవరికైనను జాలి కలుగకమానదు.

కథ అతనితో ముగియలేదు. క్లేర్ ప్యాటర్సన్ అను శాస్త్రజ్ఞుడు రాళ్ళలోని సీసమును కొలచి భూమి వయస్సును లెక్కించెను. ఆ పనిలో ఎచ్చట చూచినను, గాలిలోను దుమ్ములోను, సీసమే అడ్డు తగులుచుండెను. ఇది ఎక్కడిదని అతడు శోధించి, 1965 లో పొగగొట్టములవైపు వ్రేలు చూపెను. సీసము పెద్దలకంటె పసిపిల్లలకు ఎక్కువ హాని చేయును. వారి బుద్ధిని మందగింపజేయునని వైద్యులు నిరూపించిరి. దేశదేశముల క్రమముగా సీసమును విడిచిరి. సీసము తగ్గిన కొలది పిల్లల రక్తములోను అది తగ్గుచు వచ్చెను. మన భారతదేశమున 2000 సంవత్సరమున సీసపు పెట్రోలు అమ్మకము నిలిచెను. లోకమున కార్లకు దానిని అమ్మిన చివరి దేశము అల్జీరియా. అక్కడను 2021 లో నిలిపిరి. అనగా డేటన్ నగరపు మొదటి గాలనునుండి 98 సంవత్సరములు. ఇక మన దేశమున ఇప్పుడు పెట్రోలులో నూటికి ఇరువది వంతులవరకు కలుపుచున్నది ఎథనాలు, అనగా మిడ్జిలీ ఎరిగియు విడిచిన ఆ ఆల్కహాలే.

తాండూరు నాపరాళ్ళను మోయు లారీలను ప్రతిదినము చూచు మన పిల్లలు ఒక ప్రశ్న వేయవచ్చును. ఆ లారీలకు ఏ ఆక్టేన్ కావలెను? అవి డీజిలు లారీలు. వానికి ఆక్టేన్ లెక్క లేదు. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ లేదు. నూనె తనంతట తానే త్వరగా అంటుకొనవలెను. ఆలస్యమైనచో అక్కడను తాకిడి పుట్టును. దాని కొలతను సీటేన్ సంఖ్య అందురు. పెట్రోలున ఏది దోషమో డీజిలున అది గుణము. కావున ఒకదాని మందు మరియొకదానికి పనికిరాదు.

పెట్రోలు బండి చప్పుడు చేసినపుడు చూడవలసిన వరుస ఇది. మొదట చప్పుడు బరువు లాగునప్పుడే వచ్చి, కాలు సడలింపగానే పోవుచున్నదా అని వినవలెను. ఎల్లప్పుడు ఉన్నచో అది ట్యాపెట్లదో బేరింగుదో కావచ్చును. పెద్ద గేరులో మెల్లగా గుట్ట నెక్కించుచున్నచో గేరు తగ్గించి చూడవలెను. తరువాత రేడియేటరు నీరును ఫ్యానును చూడవలెను. ఆపైన బండితో వచ్చిన పుస్తకములో ఏ ఆక్టేన్ వ్రాయబడియున్నదో చదివి అదియే పోయవలెను. పిమ్మట ప్లగ్గులు సరియైనవేనా, నిప్పురవ్వ సమయము ముందునకు జరిగినదా, గాలి ఎక్కువై పెట్రోలు తక్కువగుచున్నదా, సిలిండరులో మసి పేరుకొన్నదా అని మేస్త్రీచేత చూపింపవలెను. క్రొత్త బండ్లలో చప్పుడును విని నిప్పురవ్వను తానే వెనుకకు జరుపు సాధనము కలదు. అందువలన చప్పుడు వినబడకున్నను బలము తగ్గవచ్చును. పుస్తకమున వ్రాసిన ఆక్టేన్ పోసి, ఇన్నియు సరిగా నున్నను చప్పుడు పోనియెడల, అప్పుడు ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు కొనుట తగును.

ఆ వృద్ధ మేస్త్రీ మిడ్జిలీ పేరు వినియుండడు. అయినను మిడ్జిలీ యౌవనమున చేసిన మంచి పనినే అతడును చేసెను: నింద నమ్మలేదు, ఊహను నమ్మలేదు, చప్పుడు పుట్టిన చోటు వెదకెను. మిడ్జిలీ నడివయస్సున చేయని మరియొక పనినికూడ అతడు చేసెను. పని ముగించిన తరువాత ఇంజను నడిపించి, బండి వెనుకకు పోయి, పొగగొట్టము వద్ద చేయిపెట్టి, ఏమి వచ్చుచున్నదో చాలసేపు చూచెను. అటుపిమ్మటనే చేతులు తుడుచుకొని, బండి నడువవచ్చునని చెప్పెను.